గీత మారితే... అర్థం మారుతుంది!

2004 ఆగస్టు 13, శుక్రవారం. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమంతా టీవీలకు అతుక్కుపోయింది. 'చార్లీ' అనే పెను తుపాను దూసుకొస్తోంది. తెరమీద ఓ పటం. అందులో గరాటులాంటి ఆకారం. దాని మధ్యలోంచి సన్నటి నల్ల గీత ఒకటి తిన్నగా టాంపా నగరం వైపు వెళ్తోంది. అక్కడికి వంద కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఉంది పుంటా గోర్డా అనే చిన్న ఊరు. గీత అటు వైపు లేదు. దాంతో అక్కడి చాలామంది 'హమ్మయ్య' అనుకున్నారు. కానీ తీరం దగ్గరికొచ్చాక చార్లీ కుడివైపు తిరిగింది. చూస్తుండగానే బలం పుంజుకుంది. గంటకు 240 కిలోమీటర్ల వేగంతో గాలులు ఆ ప్రాంతాన్నే చావగొట్టాయి.

మరి వాతావరణ శాస్త్రజ్ఞులు తప్పు చెప్పారా? లేదు. పుంటా గోర్డా ఆ గరాటులోనే ఉంది. హెచ్చరిక ఆ ఊరికీ వర్తిస్తుంది. తుపాను కేంద్రం ఎటైనా పోవచ్చు, ఈ గరాటులో ఎక్కడైనా ఉండొచ్చు అన్నదే ఆ బొమ్మ చెప్పిన మాట. జనం మాత్రం గరాటును వదిలేసి గీతను పట్టుకున్నారు! నల్లగా, తెగకుండా, స్పష్టంగా కనిపించే గీత... 'ఇదే దారి' అని ఒట్టేసి చెప్పినట్టు అనిపిస్తుంది మరి. 'ఆ సన్నటి నల్ల గీతను చూడకండి' అని వాతావరణ కేంద్రం వాళ్లు బతిమాలుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత అసలు మధ్యగీతే లేకుండా పటాన్ని చూసుకునే వీలు కూడా కల్పించారు.

మనకీ ఇది దూరం సంగతేం కాదు. భారత వాతావరణ విభాగం 2009 నుంచి తుపాను పటాల్లో ఇలాంటి గరాటును చూపిస్తోంది. ఇప్పటిదాకా నడిచిన దారి ఒక రంగు, నడవబోయే దారి ఇంకో రంగు, చుట్టూ అనుమానాల గరాటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటడానికి ముందు తెలుగువాళ్లు రోజుల తరబడి చూసింది ఇలాంటి పటాన్నే.

ఇంతకీ ఆ గీతల్ని గీసేదెవరు? ఇప్పుడు చేత్తో ఎవరూ గీయడం లేదు. కంప్యూటర్‌కు నాలుగు ముక్కలు రాసిస్తే అదే గీస్తుంది. ఏది నిండు గీతగా ఉండాలి, ఏది ముక్కలుగా ఉండాలి, ఏది చుక్కలుగా ఉండాలి, ఎంత లావుండాలి అన్నది మాత్రం మనిషే చెప్పాలి. చెప్పకపోతే అది తనకు తోచినట్టు గీసేస్తుంది. చిక్కంతా అక్కడే.

చుక్కలకో చరిత్ర

ఆక్సిజన్‌ను కనుగొన్న శాస్త్రజ్ఞుల్లో ఒకరిగా స్కూలు పుస్తకాల్లో కనిపించే జోసెఫ్ ప్రీస్ట్‌లీ అంతకుముందు పాఠాలు చెప్పేవాడు. చరిత్ర పిల్లల బుర్రకెక్కడం లేదని 1765లో ఓ పెద్ద పటం తయారుచేశాడు. దాదాపు రెండువేలమంది ప్రముఖులు... ఒక్కొక్కరికీ ఒక్కో అడ్డగీత. పుట్టిన ఏడు దగ్గర మొదలై పోయిన ఏడు దగ్గర ఆగుతుంది. ఎవరు ఎవరికి సమకాలికులో చూడగానే తెలిసిపోతుంది. బాగానే ఉంది. మరి పూర్వకాలపు వాళ్లలో చాలామంది ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు పోయారో కచ్చితంగా తెలీదు కదా! ప్రీస్ట్‌లీ దానికీ ఉపాయం కనిపెట్టాడు. తెలిసినంతవరకు గీత, తెలియని చోట చుక్కలు. అంతే. నిండు గీత అంటే 'ఇది నిజం', చుక్కలంటే 'ఇది అంచనా' అన్న ఒప్పందం ఆ పటంలో అప్పటికే ఉంది.

మరో 21 ఏళ్లకు, 1786లో, స్కాట్లండ్‌వాసి విలియం ప్లేఫెయిర్ ఇంగ్లండు ఎగుమతి దిగుమతుల లెక్కల్ని గీతలుగా మార్చి పుస్తకం వేశాడు. ఈనాడు పత్రికల్లో బంగారం ధర పైకీ కిందకీ వెళ్లే బొమ్మ కనిపిస్తుంది చూడండి, దానికి మూలపురుషుడు ఆయనే. అంతకుముందు జేమ్స్ వాట్ దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాడు. ఆవిరియంత్రం వాట్ దగ్గర! గీతల విలువ తెలిసినవాడు. దిగుమతుల గీత, ఎగుమతుల గీత ఒకదాన్నొకటి దాటే చోట రంగు మార్చి 'ఇక్కణ్నుంచి లాభం' అని చూపించాడు. రాగిరేకు మీద చెక్కి, అచ్చేసి, రంగులు చేత్తో అద్దేవాళ్లు.

గీతల భాషను నిక్కచ్చిగా పాటించేది మాత్రం ఇంజినీర్లే. మన రాష్ట్రాల్లో ప్రతి వీధిలోనూ బీటెక్ చదివినవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. మొదటి ఏడాది డ్రాఫ్టర్, షీట్లు మోసుకుంటూ తిరిగిన రోజుల్ని అడిగి చూడండి. వస్తువు అంచు కనిపిస్తే మందపు నిండు గీత. వెనకాల దాగి ఉంటే తెగిన గీత. మధ్యరేఖ అయితే ఒక పొడవు ముక్క, ఒక పొట్టి ముక్క. గీత మారితే షీటు వెనక్కి వచ్చేది. అక్కడ గీత అంటే అలంకారం కాదు, వాక్యం.

డాంగుల్ తెచ్చిన తంటా

కంప్యూటర్లు గీతలు గీయడం మొదలుపెట్టిన కొత్తలో కాగితం మీద నిజంగానే పెన్ను కదిలేది. కాల్‌కాంప్ అనే అమెరికా కంపెనీ 1959లో ఇలాంటి యంత్రాన్ని తెచ్చింది. వాటిని ప్లాటర్లు అనేవాళ్లు. 1980ల్లో హ్యూలెట్ ప్యాకర్డ్ అమ్మిన ఓ మోడల్‌లో ఆరు పెన్నులు ఉండేవి. ఏడో గీత కావాలంటే? రంగు లేదు కాబట్టి గీతనే ముక్కలు చేయాలి. అందుకే ఆ ప్లాటర్ల భాషలో గీత రకం మార్చడానికి ప్రత్యేకంగా ఓ ఆదేశం ఉండేది. 1986లో వచ్చిన న్యూప్లాట్, 1990ల్లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన 'ఆర్'... అన్నిటికీ ఈ వారసత్వం వచ్చింది. 'ఆర్'లో గీతకు అంకెలుంటాయి. 1 అంటే నిండు గీత, 2 అంటే ముక్కలు, 3 అంటే చుక్కలు.

వీటన్నిటిలో ఇప్పుడు కాలేజీ పిల్లల దగ్గర్నుంచి అంతరిక్ష శాస్త్రజ్ఞుల దాకా విరివిగా వాడేది 'మాట్‌ప్లాట్‌లిబ్'. దాని కథ వినదగ్గది.

జాన్ హంటర్ నాడీశాస్త్రవేత్త. షికాగోలో మూర్ఛరోగం మీద పరిశోధన చేసేవాడు. రోగుల మెదడు మీద అమర్చిన ఎలక్ట్రోడ్ల నుంచి వచ్చే సంకేతాలను గీతలుగా చూడాలి. పదుల గీతలు, ఒకదాని కింద ఒకటి. దానికి వాడే సాఫ్ట్‌వేర్ ఖరీదైనది. మొత్తం ల్యాబ్‌కు ఒక్కటే లైసెన్సు. అదీ కంప్యూటర్‌కు తగిలిస్తేగానీ పనిచేయని చిన్న తాళంచెవిలాంటి డాంగుల్ రూపంలో! విద్యార్థులూ పరిశోధకులూ అందరూ ఆ ఒక్క డాంగుల్ కోసం వంతులేసుకోవాల్సిందే. విసుగెత్తి హంటర్ తానే ఒకటి రాసుకున్నాడు, పైథాన్ భాషలో. 2003లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. అప్పటికే మ్యాట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్‌కు అలవాటుపడిన వాళ్లకు ఇబ్బంది కలగకూడదని ఆదేశాలు అలాగే ఉంచాడు. 'ఆర్' అక్షరం రాసి పక్కనే రెండు చిన్న అడ్డగీతలు పెడితే చాలు... ఎర్రరంగులో ముక్కల గీత వస్తుంది. ఒక అడ్డగీత పెడితే నిండుగా, అడ్డగీత పక్కన చుక్క పెడితే ముక్కా చుక్కా, కోలన్ పెడితే అన్నీ చుక్కలే. కీబోర్డు మీద గీత ఎలా కనిపిస్తే బొమ్మలోనూ అలాగే! ఇంతకన్నా తేలికైన భాష ఉంటుందా?

2008లో నాసా ఫీనిక్స్ నౌక అంగారకుడి మీద దిగినప్పుడు సమాచారాన్ని బొమ్మల్లో చూసుకోవడానికి దీన్నే వాడారు. 2019 ఏప్రిల్‌లో ప్రపంచమంతా నోరెళ్లబెట్టి చూసిన తొలి కృష్ణబిలం చిత్రం వెనకా ఇది ఉంది. ఆ చిత్రాన్ని హంటర్ చూడలేదు. 2012 జులైలో ఓ సదస్సులో ప్రసంగించి ఇంటికి వచ్చిన కొద్దిరోజులకే క్యాన్సర్ బయటపడింది. చికిత్సలో తలెత్తిన సమస్యలతో ఆగస్టు 28న కన్నుమూశాడు. వయసు 44. ముగ్గురు ఆడపిల్లలు. ఆ మరుసటి ఏడాది నుంచి ఆయన పేరుతో మంచి గ్రాఫులకు పోటీ పెట్టి బహుమతులు ఇవ్వడం మొదలుపెట్టారు.

తాళం వేసినట్టు...

ఉన్న నాలుగు రకాలూ చాలవనుకుంటే సొంతంగా తయారుచేసుకోవచ్చు. మృదంగం దరువులా ఉంటుందా పద్ధతి. '5, 2, 1, 2' అని ఇస్తే... 5 పాళ్లు గీయి, 2 పాళ్లు వదులు, 1 పాలు గీయి, 2 వదులు, మళ్లీ మొదటికి రా అని అర్థం. మాట్‌ప్లాట్‌లిబ్‌లో ఎవరూ ఏమీ చెప్పకపోతే ముక్కల గీతకు 3.7 పాళ్ల గీత, 1.6 పాళ్ల ఖాళీ ఉంటాయి. గీత మందం 1.5 పాయింట్లు, అంటే అర మిల్లీమీటరు. గీత లావు పెంచితే ముక్కలూ ఖాళీలూ కూడా ఆ మేరకు సాగుతాయి. పాత వెర్షన్లలో ఇలా ఉండేది కాదు. లావు పెంచగానే ఖాళీలు ఇరుకైపోయి ముక్కలన్నీ కలిసిపోయినట్టు కనిపించేవి. 2017 జనవరిలో వచ్చిన రెండో వెర్షన్‌తో ఆ బాధ తీరింది.

గీత కొస కూడా ముఖ్యమే. కొసలు గుండ్రంగా ఉండాలని చెబితే ప్రతి ముక్కా రెండువైపులా కాస్త పెరుగుతుంది. ఆ మేరకు ఖాళీ తగ్గుతుంది. ముద్దుగా ఉంటుందని గుండ్రటి కొసలు పెట్టి, చివరికి ముక్కల గీత కాస్తా నిండు గీతలా తయారైందని తలపట్టుకునే కుర్రాళ్లు బోలెడుమంది. ఇంకో విచిత్రం... 'చుక్కల గీత'లో చుక్కలు నిజానికి గుండ్రంగా ఉండవు. బుల్లి చతురస్రాలు! మన వాకిట్లో చుక్కల ముగ్గులాంటి చుక్క కావాలంటే ముక్క పొడవును దాదాపు సున్నా చేసి, కొసల్ని గుండ్రం చేయాలి.

జిరాక్స్ షాపులో బయటపడే గుట్టు

ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టు. కంప్యూటర్ తెరమీద ఎర్ర గీత, పచ్చ గీత, నీలం గీత మిలమిలా మెరుస్తుంటాయి. ఆరు కాపీలు జిరాక్స్ తీయించేసరికి మూడూ ఒకటే బూడిదరంగు! 'ఏది పాత పద్ధతి, ఏది నీ పద్ధతి?' అని ఎగ్జామినర్ అడిగితే నీళ్లు నమలడమే. రంగుతోపాటు గీత రకాన్నీ మార్చి ఉంటే ఈ తిప్పలు ఉండవు.

జిరాక్స్ యంత్రానికే కాదు, కొందరి కళ్లకూ ఇదే సమస్య. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో ప్రతి 12 మందిలో ఒకరికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. ఆడవాళ్లలో 200 మందికి ఒకరు. ఫేస్‌బుక్ అధినేత మార్క్ జుకర్‌బర్గ్‌దీ ఇదే ఇబ్బంది. ఫేస్‌బుక్ నీలంగా ఉండటానికి కారణం అదేనట. ఆయనకు బాగా కనిపించే రంగు అది. పాత మాట్‌ప్లాట్‌లిబ్ ఏం చేసేదో తెలుసా? మొదటి గీత నీలం, రెండోది పచ్చ, మూడోది ఎరుపు. పక్కపక్కనే పచ్చా ఎరుపూ! అడిగితే తప్ప గీత రకం మార్చేది కాదు. 2017 తర్వాత రంగులు మార్చారు. నీలం పక్కన నారింజ వచ్చింది. అయినా పచ్చ, ఎరుపు ఆ తర్వాతి స్థానాల్లో జంటగానే ఉన్నాయి. కాబట్టి గీత రకం మార్చడమే గట్టి మందు.

అలాగని పది గీతలకు పది రకాలు పెడితే? అది గ్రాఫు కాదు, గందరగోళం. కంటికి చటుక్కున తేడా తెలిసే రకాలు నాలుగు, మహా అయితే ఐదు. మిగతావాటిని లేత బూడిదరంగులో సన్నగా గీసి, చూపించదలచుకున్న ఒక్కదాన్ని లావుగా గీస్తే చాలు. గీత చివరే పేరు రాసేస్తే పక్కన వివరాల పెట్టె కూడా అక్కర్లేదు. 2020లో కరోనా రోజుల్లో లండన్ నుంచి వచ్చే ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక గ్రాఫులు ప్రపంచమంతా చూసింది అందుకే. దేశాలు ఎన్నున్నా ముఖ్యమైనవే కొట్టొచ్చినట్టు కనపడేవి. కేసులు ఎన్ని రోజులకోసారి రెట్టింపైతే గీత ఎంత నిటారుగా ఉంటుందో చూపడానికి ముక్కల గీతలు వేరేగా ఉండేవి. అవి ఏ దేశానివీ కావు, కొలబద్దలు. 

వడ్డీరేటు మెట్లెక్కుతుందా, ర్యాంపు ఎక్కుతుందా?

ఇంటిరుణం ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే. రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు 2020 మేలో 4 శాతానికి తగ్గింది. రెండేళ్లపాటు కదల్లేదు. 2022 మే 4న ఒక్కసారిగా 4.40 శాతం చేశారు. ఇప్పుడు ఈ రెండు అంకెలే కంప్యూటర్‌కిచ్చి గీత గీయమంటే ఏం చేస్తుంది? మొదటి బిందువు నుంచి రెండోదానికి ఏటవాలుగా గీసేస్తుంది. చూసినవాళ్లకు రెండేళ్లపాటు నెలనెలా కొంచెం కొంచెం పెరిగినట్టు కనిపిస్తుంది. పచ్చి అబద్ధం! అంకెలు సరైనవే, అబద్ధం చెప్పింది గీత. 'మెట్లుగా గీయి' అని ఒక్క మాట చేర్చితే రెండేళ్లు బల్లపరుపుగా సాగి, ఒక్కసారి పైకి లేస్తుంది. బస్సు ఛార్జీలు, కరెంటు టారిఫ్‌లు, గ్యాస్ సిలిండర్ ధర... ఏవైనా ఇంతే. ఇవి మెట్లెక్కే సరుకు.

గీతను చదవడం తెలిసినవాళ్లకు అది ఎంత చెబుతుందో చూడాలంటే రైల్వే డివిజన్ల కంట్రోల్ ఆఫీసుకు వెళ్లాలి. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్ల పేర్లు. ఒక్కో రైలు ఒక్కో ఏటవాలు గీత. గీత ఎంత నిటారుగా ఉంటే బండి అంత వేగంగా వెళ్తున్నట్టు. అడ్డంగా పడుకుంటే బండి ఆగినట్టు. సింగిల్ లైను మీద ఎదురెదురు రైళ్ల గీతలు స్టేషన్ దగ్గర తప్ప ఇంకెక్కడా దాటకూడదు. దాటితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తరాల తరబడి సెక్షన్ కంట్రోలర్లు ఫోన్లో స్టేషన్ మాస్టర్లు చెబుతుంటే రంగు పెన్సిళ్లతో చార్టు మీద ఈ గీతలు గీశారు. ఎక్స్‌ప్రెస్‌కు ఒక రంగు, గూడ్సుకు మరో రంగు. ఇప్పుడు ఆ చార్టును కంప్యూటరే గీస్తోంది. పెన్సిళ్లు పోయినా గీతల భాష మాత్రం పోలేదు.

ఒక రాష్ట్రం... రెండు గీతలు

తెలుగువాళ్లకు సంబంధించిన ఓ చిక్కుముడి కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ జనాభా గ్రాఫు గీయాలి. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 8.46 కోట్లమంది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ అన్న పేరు కింద ఆ తర్వాత అంకెలు 5 కోట్ల దగ్గర తిరుగుతాయి. ఏమీ ఆలోచించకుండా కంప్యూటర్‌కు అప్పగిస్తే, 2014లో మూడున్నర కోట్లమంది మాయమైపోయినట్టు గీత పాతాళానికి పడిపోతుంది! ఉద్యోగాలు, ధాన్యం దిగుబడి, వాహనాల సంఖ్య, పన్నుల రాబడి... 'ఆంధ్రప్రదేశ్' అన్న మాట ఉన్న ప్రతి గ్రాఫుకూ ఈ గండం ఉంది.

దీన్ని సరిగ్గా గీసేవాళ్లు ఏం చేస్తారంటే, 2014 దగ్గర సన్నగా నిలువు ముక్కల గీత ఒకటి వేస్తారు. ఉమ్మడి రాష్ట్రం గీత అక్కడితో ఆగుతుంది. అవతలివైపు రెండు గీతలు మొదలవుతాయి. ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్లు పాత జిల్లాల లెక్కలు కూడి, 2014కు ముందు కూడా రెండు ప్రాంతాలకూ విడివిడిగా లేత గీతలు వేస్తారు. అప్పుడే పోలిక న్యాయంగా ఉంటుంది. ఇక్కడో జాగ్రత్త కూడా ఉంది. ముక్కల గీతను ఒక్కో ఏడాదికి విడిగా గీయమంటే ప్రతిసారీ దరువు మొదటి నుంచి మొదలవుతుంది. దాంతో ముక్కలు కనపడకుండా నిండు గీతలా అతుక్కుపోతుంది. మొత్తం ఏళ్లన్నీ ఒకేసారి ఇచ్చి గీయించాలి. ఈ చిన్న విషయం తెలియక అంచనా కాస్తా వాస్తవంలా అచ్చయిపోతుంటుంది.

అంచనా అంటే ఇంకో మాట. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. కాబట్టి 2011 తర్వాత ఏ రాష్ట్ర జనాభా గీతైనా, దేశ జనాభా గీతైనా... లెక్కపెట్టి గీసింది కాదు, లెక్కగట్టి గీసింది. ప్రీస్ట్‌లీ అయితే అక్కణ్నుంచి చుక్కలే పెట్టేవాడు. చాలా గ్రాఫుల్లో మాత్రం ఆ భాగం కూడా నిండుగానే, నిబ్బరంగానే కనిపిస్తుంది. తర్వాతి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుంటూ 2025 జూన్‌లో కేంద్రం ప్రకటన ఇచ్చింది. ఆ లెక్క వచ్చాక గ్రాఫు మీద 2011కు ఇటుపక్క గట్టి బిందువు ఒకటి దొరుకుతుంది. అప్పటివరకు గీసిన ముక్కల గీత దానికి ఎంత దగ్గరగా వచ్చిందో, ఎంత దూరంలో ఆగిందో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.